రాతి గుట్ట మీద మీరు చూసిన పసుపు పువ్వు నేలతాడి: తవ్వకుండా ఇంటికి తెచ్చుకునే దారి

తరవాత చదివేవాళ్ళకు కూడా తెలియాలి కాబట్టి ముందు మీరు అడిగింది క్లుప్తంగా చెబుతాను. మీది అమలాపురం దగ్గర పల్లె. జులైలో రంపచోడవరం వైపు వెళ్ళినప్పుడు ఒక రాతి గుట్ట వాలులో, రాళ్ళ సందున, నేలను అంటిపెట్టుకుని పూసిన పసుపు పువ్వు చూశారు. ఆరు రేకులు, రూపాయి బిళ్ళంత ఉంది. ఆకులు గడ్డిలా పొడుగ్గా ఉన్నా నిలువునా మడతలు పడి ఉన్నాయి. మీతో వచ్చినవాళ్ళలో ఒకరు అది కొండగోగు అన్నారట. ఇంకొకరు దాని గడ్డ వేలకు వేలు పలుకుతుందని ఫోన్లో వీడియో చూపించారట. ఇది ఏ మొక్క, రెండు మొక్కలు తవ్వి తెచ్చుకుంటే మా ఇంటి దగ్గర బతుకుతాయా, గడ్డ నిజంగా మందుకు పనికొస్తుందా అని ఫొటో పంపి అడిగారు.

మీరు చూసింది నేలతాడి. మూలికల కొట్లలో నేలతాటి గడ్డ అనీ, నల్ల ముసలి అనీ అంటారు. సంస్కృతంలో తాలమూలి. వృక్షశాస్త్రంలో దీని పేరు కర్కులిగో ఆర్కియోయిడిస్. తవ్వి తేవద్దు. తవ్వి తెచ్చినది మన డెల్టా మట్టిలో పెడితే చాలావరకు మొదటి వానాకాలంలోనే కుళ్ళిపోతుంది. అలాగని ఆశ వదులుకోనక్కర్లేదు. తల్లిమొక్కను కదపకుండా, ఒక్క ఆకు కొసతో పిల్లను పుట్టించే వీలు ఈ మొక్కకు ఉంది. అది వివరంగా చెబుతాను. దానికంటే ముందు మొక్కను సరిగ్గా గుర్తుపట్టాలి.

కొండగోగు చెట్టు. మాఘ ఫాల్గుణాల్లో ఆకులన్నీ రాలిపోయాక బోడి కొమ్మల చివర అరచేయంత పసుపు పూలు పూస్తుంది. అదీ రాతి కొండల మీదే ఉంటుంది, అదీ పసుపు పువ్వే. ఆ రెండు పోలికలతోనే మీవాళ్ళు పొరబడి ఉంటారు. తంగేడు, ముళ్ళ గోరింట లాంటివి పొదలు. వాటితో దీనికి పోలికే లేదు.

నిజంగా పొరబడే అవకాశం ఉన్నది మొలకలతో. ఈత మొలక, తాటి మొలక మొదటి ఏడాదిలో సరిగ్గా ఇలాగే మడతలు పడిన ఆకులతో లేస్తాయి. తేగల పాతర మీద వదిలేసిన మొలకలను చూసిన మనవాళ్ళకు ఆ ఆకు బాగా తెలుసు. ఆకును వేళ్ళ మధ్య పెట్టి చూడండి. తాటి మొలక ఆకు పెళుసుగా, బిరుసుగా ఉంటుంది. నేలతాడి ఆకు మెత్తగా ఒరుగుతుంది, పలచగా నూగు ఉంటుంది, కొస సన్నగా సాగి వంగి నేలను తాకుతూ ఉంటుంది. ఆ కొసను గుర్తుపెట్టుకోండి, పని అంతా దానితోనే.

ఇంకో రెండు మొక్కలున్నాయి. తెల్ల ముసలి జాతివి కూడా గడ్డి ఆకులతోనే లేస్తాయి, కానీ వాటి పూలు తెల్లన, పొడుగాటి కాడ మీద పైకి లేస్తాయి, కింద వేళ్ళు గుత్తులుగా ఉంటాయి. ఎత్తైన కొండల గడ్డి నేలల్లో హైపోక్సిస్ ఆరియా అని నేలతాడికి దాయాది ఒకటుంది. అదీ ఆరు రేకుల పసుపు పువ్వే. దాని పువ్వుకు మాత్రం నూగు కాడ నేల మీద స్పష్టంగా కనిపిస్తుంది, ఆకులు బాగా సన్నం, కింద గుండ్రటి చిన్న గడ్డ. మీరు పంపిన ఫొటోలో కాడ కనిపించడం లేదు, పువ్వు ఆకుల మొదట్లోంచి నేరుగా వచ్చినట్టుంది. అది చాలు.

ఆ పువ్వు గురించి కొంచెం చెప్పాలి. నేలతాడి పువ్వు కింద మనకు కాడలా కనిపించే సన్నటి భాగం నిజానికి కాడ కాదు, అండాశయం పైన సాగిన మెడ. అసలు అండాశయం ఆకుల తొడుగుల్లో, మట్టి మట్టానికి కిందే దాగి ఉంటుంది. పూలగుత్తి మొత్తం అక్కడే ఉండి, ఒక్కో పువ్వును మాత్రం ఆ మెడ మీద పైకి పంపుతుంది. గుత్తిలో కింద వచ్చే పూలలో ఆడ, మగ భాగాలు రెండూ ఉంటాయి. పైన వచ్చేవి ఎక్కువగా మగపూలే. రేకుల లోపలి వైపు నిగనిగలాడే పసుపు, వెనక వైపు తిప్పి చూస్తే నూగు. కాయ కూడా పైకి రాదు. ఆకుల మొదట్లో మట్టిని వేలితో మెల్లగా పక్కకు తీస్తే, ముక్కులాంటి కొసతో ఉన్న చిన్న కాయ తొడుగులో ఇరుక్కుని కనిపిస్తుంది. లోపల ఒకటి నుంచి నాలుగు గింజలు. నల్లగా మెరుస్తూ, ఒంటి మీద అలలు అలలుగా గాళ్ళు పడి ఉంటాయి. భూతద్దంతో చూడదగ్గ గింజ అది.

కాయ నేలలో ఉండడం వల్ల ఒక పెద్ద చిక్కు వచ్చిపడింది. గింజ గాలికి ఎగరదు, ఎక్కువ దూరం పోదు, తల్లి చుట్టుపక్కలే మొలుస్తుంది. అంటే ఒక గుట్ట మీద నేలతాడి పూర్తిగా పోతే, పక్క గుట్ట మీద ఎంత ఉన్నా ఇక్కడికి మళ్ళీ రావడం చాలా కష్టం. మధ్యలో ఊళ్ళు, జీడితోటలు, రోడ్లు వచ్చేశాయి. ఇంకో సంగతి చూడండి. ఎండాకాలంలో ఈ మొక్క ఆకులన్నీ ఎండిపోయి, నేల మీద ఆనవాలు కూడా ఉండదు. తొలకరి పడ్డాకే కనిపిస్తుంది, పూత ఉన్నప్పుడే అందరి కంటా పడుతుంది. కాబట్టి తవ్వేవాళ్ళు కూడా ఆ వానాకాలంలోనే వస్తారు. అది సరిగ్గా గింజ కట్టే సమయం. గింజ రాలకముందే తల్లి పోతుంది. ఏటా ఇలాగే జరిగితే గుట్ట ఖాళీ అవడానికి ఎన్నేళ్ళో పట్టదు.

గడ్డ సంగతీ అంతే. చేమదుంపలా గుండ్రంగా పైపైన ఉండేది కాదు ఇది. వేలి మందాన నిలువుగా లోపలికి దిగుతుంది. పైన ముదురు గోధుమ రంగు, మధ్యలో ముడుతల గీతలు, కోస్తే లోపల తెలుపు. పక్కలకు కండగల వేళ్ళు పోతాయి. మెత్తటి మట్టిలో అయితే పార పెట్టి తీయొచ్చునేమో గానీ రాళ్ళ సందున గునపం వేయక తప్పదు. గునపం వేస్తే గడ్డ విరుగుతుంది, పక్క వేళ్ళు తెగుతాయి, వాలు మీద ఉన్న జానెడు మట్టి కాస్తా కదిలి తరవాతి వానకు కిందికి పోతుంది. ఎంత జాగ్రత్తగా తవ్వినా ఆ ఆకుల మొదట్లో ఉన్న చిగురు మొన దెబ్బతింటే మొక్క కోలుకోవడం గగనం. రెండే కదా అని మీరు అనుకుంటున్నారు. ఆ దారిన పోయే ప్రతివాళ్ళూ రెండే అనుకుంటారు.

చట్టం కూడా ఒప్పుకోదు. రిజర్వు అడవిలో మొక్క తవ్వడం 1967 నాటి ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం ప్రకారం నేరం. పాపికొండలు 2008లో నేషనల్ పార్క్ అయింది, అక్కడ 1972 వన్యప్రాణి చట్టం కూడా వర్తిస్తుంది. అక్కడే పుట్టి పెరిగిన కొండరెడ్డి, కోయ కుటుంబాలకు చిన్న తరహా అటవీ ఫలసాయం సేకరించుకునే హక్కును 2006 నాటి అటవీ హక్కుల చట్టం గుర్తించింది. అది వాళ్ళ బతుకుతెరువు హక్కు. కారులో వెళ్ళి వచ్చే మనకు అది వర్తించదు.

ఇక అసలు ప్రశ్నకు వద్దాం. మన నేలలో ఎందుకు బతకదు?

అది పెరిగే చోటు ఎలాంటిదో మీరే చూశారు. తూర్పు కనుమల్లో ఆ వైపు ఖొండలైట్ అనే రాయి ఎక్కువ. అది చితికి ఎర్రగా, గరుకుగా, రాతి పలుకులు కలిసిన మట్టి అవుతుంది. కుండపోతగా వాన కురిసినా ఆ వాలు మీద నీళ్ళు నిలవవు. పది నిమిషాల్లో కిందికి జారిపోతాయి, రాళ్ళ కింద చెమ్మ మాత్రం మిగులుతుంది. నేలతాడికి కావలసింది ఆ చెమ్మే, నీళ్ళు కాదు. మన కోనసీమ మట్టి దానికి పూర్తిగా ఎదురు. గోదావరి దక్కను పీఠభూమి మీద నల్లరాతి నేలలను కడిగి మోసుకొచ్చిన మెత్తటి ఒండ్రు ఇది. వరికి, కొబ్బరికి, అరటికి ఇంతకంటే బంగారం లాంటి నేల లేదు. కానీ ఆ మెత్తదనమే నీటిని పట్టి ఉంచుతుంది. దానికి తోడు 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయినప్పటి నుంచి కాలవలు, బోదెలు ఊరూరా పారుతున్నాయి. వానాకాలంలో నాలుగు అడుగులు తవ్వితే నీళ్ళు ఊరే పెరళ్ళు మనవి. ఆ నీటిలో వేళ్ళకు గాలి అందదు. గాలి అందని కండగల వేరు కుళ్ళు తెగుళ్ళకు వెంటనే లొంగిపోతుంది. మొదట ఆకులు పసుపు తిరుగుతాయి. మనం నీళ్ళు చాలలేదేమో అనుకుని ఇంకో చెంబు పోస్తాం. వారం తిరిగేసరికి ఆకులను పట్టుకుంటే గుత్తిగా చేతిలోకి ఊడి వస్తాయి, కింద మెత్తటి జిగురు, వాసన.

ఎరువు చాలక, ఎండ చాలక పోయిందని చాలామంది అంటారు. నేను చూసినంతలో మన ప్రాంతంలో కొండ మొక్కలను చంపేది నీళ్ళే. సముద్రానికి దగ్గరగా ఉన్న ఊళ్ళలో అయితే బోరు నీళ్ళ ఉప్పదనం ఇంకొకటి.

కాబట్టి మట్టిలో నేరుగా నాటే ఆలోచన మానేసి, మొదట కుండీలో పెంచండి. మట్టి కుండీ కావాలి, ప్లాస్టిక్ వద్దు. జానెడున్నర లోతు ఉండాలి, గడ్డ నిలువుగా దిగుతుంది కాబట్టి వెడల్పు కంటే లోతు ముఖ్యం. అడుగున చిల్లు ఒకటి సరిపోదు, మూడైనా ఉండాలి. చిల్లుల మీద పెంకు ముక్కలు బోర్లించి, రెండు అంగుళాల కంకర చిప్స్ పోయండి. దాని మీద వేసే మట్టి: ఎర్ర గరప మట్టి రెండు వంతులు, గోదావరి ముతక ఇసుక ఒక వంతు, సన్న చిప్స్ ఒక వంతు, బాగా మాగిన ఆకు ఎరువు అర వంతు. చెరువు మట్టి వద్దు, కొబ్బరి పొట్టు అసలే వద్దు. నర్సరీల్లో చాలా మొక్కలకు కొబ్బరి పొట్టు వాడతారు, అది వాటికి మంచిదే. నీటిని పట్టి ఉంచడమే దాని పని, మనకు ఇక్కడ అదే పనికిరాదు. పశువుల పెంట, యూరియా ఏమీ వేయకండి. కలిపిన మట్టిని పిడికిట్లో తడిపి నొక్కి వదలండి. ముద్దగా నిలిస్తే ఇంకో వంతు చిప్స్ కలపాలి. వదిలిన వెంటనే రాలిపోవాలి.

ఇప్పుడు పిల్లమొక్క. తల్లిమొక్క ఎక్కడ దొరుకుతుందన్నది మొదటి ప్రశ్న. ఔషధ మొక్కల తోట ఉన్న కాలేజీల్లో, ఆయుర్వేద కళాశాలల్లో అడగండి. కడియం, కడియపులంక వైపు ఔషధ మొక్కలు పెంచే నర్సరీల్లో కూడా అడగండి. నేలతాడి అని అడిగినప్పుడు వాళ్ళు తెచ్చి ఇచ్చేది అడవిలో తవ్వినదా, నర్సరీలో పెరిగినదా అన్నది మీరే చూసుకోవాలి. కవరు మెల్లగా విప్పించండి. నర్సరీలో పెరిగినదైతే మట్టి నిండా సన్నటి తెల్ల వేళ్ళు అల్లుకుని ఉంటాయి, మట్టి ముద్ద విడిపోదు. అడవిలో తవ్వినదైతే ముదిరిన లావుపాటి గడ్డ ఒకటి, చుట్టూ తెగిన వేళ్ళ మొండేలు, కొత్తగా పోసిన వదులు మట్టి కనిపిస్తాయి. అలాంటిది ఎంత చవకగా ఇచ్చినా కొనకండి. మనం కొనబట్టే ఇంకొకటి తవ్వుతారు.

ఒక్క మంచి మొక్క దొరికితే చాలు. మిగతావి అదే ఇస్తుంది. నేలతాడి ఆకు కొస తడి నేలను తాకినప్పుడు, ఆ కొస దగ్గర చిన్న గడ్డ కట్టి, వేళ్ళు వేసి కొత్త మొక్క అవుతుంది. అడవిలో వానాకాలంలో ఇది దానంతట అదే జరుగుతుంది. తల్లి చుట్టూ ఆకు పొడవంత దూరంలో పిల్లలు కనిపిస్తే అవి చాలావరకు ఇలా వచ్చినవే. మనం చేయవలసిందల్లా దానికి సాయపడడం.

ఆరుద్ర కార్తె నడిచేటప్పుడు, అంటే జూన్ ఆఖరి వారంలో మొదలుపెట్టండి. తల్లిమొక్క కుండీ పక్కన, తడి ఇసుక, ఆకు ఎరువు సమంగా కలిపిన చిన్న కుండీ పెట్టండి. బాగా ముదిరిన, జబ్బు లేని ఆకును ఎంచుకుని, తల్లి నుంచి కోయకుండానే వంచి, కొస నుంచి రెండు అంగుళాల భాగం ఇసుకకు ఆనేలా పరవండి. అది లేచిపోకుండా గులకరాయి పెట్టండి, లేదా ఇనుప తీగను వంచి పిన్నులా గుచ్చండి. కొస మొనను మాత్రం పూర్తిగా పూడ్చకండి. ఇసుక ఎప్పుడూ చెమ్మగా ఉండాలి, తడిసి కారకూడదు. నీడ ఉండాలి. కొన్ని వారాల్లో ఆకు మధ్య ఈనె దగ్గర మొదట తెల్లటి చిన్న ఉబ్బు కనిపిస్తుంది. తరవాత అది ఆవగింజంత, మిరియపు గింజంత అయి, కింద వేరు, పైన సూదిలా మొదటి ఆకు వస్తుంది. తొందరపడి కోయకండి. పిల్లకు తనవంటూ రెండు మూడు ఆకులు వచ్చాక, తల్లి ఆకు ఆ కొస వైపు నుంచి దానంతట అదే ఎండడం మొదలవుతుంది. అప్పుడు కోయండి. ఒక వానాకాలంలో ఒక తల్లి నుంచి మూడు నాలుగు ఆకులకు మించి ఇలా వంచకండి. దాని గడ్డకు కూడా తిండి కావాలి కదా.

తల్లిమొక్కను కొనే వీలు లేక, ఎవరి దగ్గరో ఉన్నది చూశారనుకోండి. వాళ్ళను అడిగి ఒక్క ఆకు తెచ్చుకోండి. దాన్ని మూడు నాలుగు అంగుళాల ముక్కలుగా కోసి, తడి ఇసుకలో కింద వైపు కొంచెం దిగేలా పెట్టి, పైన గాజు సీసా బోర్లిస్తే, ఈనె కోసిన చోట ఇలాగే చిన్న గడ్డలు కడతాయి. కొన్ని ముక్కలు కుళ్ళుతాయి, కొన్ని నిలుస్తాయి. మొక్క ముక్కల నుంచి గాజు సీసాల్లో కొత్త మొక్కలు పెంచే టిష్యూ కల్చర్ ల్యాబుల్లో చేసేది కూడా దాదాపు ఈ గుణం మీద ఆధారపడే. ఇంట్లో చేసేవాళ్ళకు తల్లికి అంటుకుని ఉన్న ఆకు పద్ధతే నమ్మకమైనది.

గింజలతో కూడా పెంచొచ్చు. అది ఓపిక ఉన్నవాళ్ళ పని. ఉత్తర, హస్త కార్తెల్లో మీ మొక్క మొదట్లో మట్టి పక్కకు తీసి కాయ ఉందేమో చూసి, గింజ తీసి వెంటనే విత్తండి. దాచిపెడితే మొలిచే శక్తి తగ్గిపోతుంది. మొలక నెమ్మదిగా, ఒకదాని తరవాత ఒకటిగా వస్తుంది, అన్నీ రావు కూడా. కానీ గింజ మొక్కలకు ఒక విలువ ఉంది. ఆకు కొసన పుట్టినవన్నీ తల్లికి నకళ్ళు, గింజ మొక్కలు అలా కావు. నాలుగైదు ఊళ్ళలో పెంచేవాళ్ళు ఒకరికొకరు గింజలు మార్చుకుంటే ఆ జాతిలో వైవిధ్యం నిలుస్తుంది.

ఇంకో చిన్న విషయం. ఈ మొక్క వేళ్ళలో మైకోరైజా అనే మేలు చేసే శిలీంద్రాలు కాపురం ఉంటాయి. ఆకు కొసన పుట్టిన పిల్లలను కొత్త మట్టిలోకి మార్చినప్పుడు ఇవి తోడుంటే మొక్క బాగా నిలదొక్కుకుంటుందని పరిశోధనల్లో తేలింది. పిల్లను మార్చేటప్పుడు తల్లి కుండీలోని మట్టి ఒక పిడికెడు తీసి కొత్త కుండీలో వేరు దగ్గర వేయండి. ఖర్చు లేని పని, చేయడం మరవకండి. శిలీంద్రనాశక మందులు మాత్రం ఆ కుండీల్లో పోయకండి.

నీళ్ళ విషయం కార్తెల లెక్కన చెబుతాను, మనవాళ్ళకు అది తేలిక. మృగశిరలో మొదటి వాన పడి మొలక లేచాక, వాన లేని రోజుల్లో పైమట్టి ఆరితేనే నీళ్ళు. పుష్యమి, ఆశ్లేష, మఖ, పుబ్బల్లో పూత, ఆకు, పెరుగుదల అన్నీ అప్పుడే. వాన బాగా ఉంటే మీరు పోయనక్కర్లేదు. చిత్త, స్వాతి కార్తెల్లో టెన్షన్ మొదలవుతుంది. బంగాళాఖాతంలో వాయుగుండం పడిందంటే మనకు మూడు రోజులు ఏకధాటిగా కురుస్తుంది. అప్పుడు కుండీలను చూరు కిందికి మార్చేయండి. కుండీ కింద పళ్ళెం ఉంటే తీసేయండి. డిసెంబరు, జనవరికి ఆకులు పండడం మొదలవుతుంది. అది జబ్బు కాదు. మొక్క పడుకుంటోంది. నీళ్ళు తగ్గించుకుంటూ వచ్చి ఆపేయండి. ఎండాకాలమంతా కుండీని వాన, ఎండ నేరుగా తగలని చోట పెట్టి, నెలకు ఒకసారి అర చెంబు నీళ్ళు చిలకరిస్తే చాలు. రోహిణి ఎండలకు డాబా మీద వదిలేస్తే మాత్రం కుండీ వేడెక్కి గడ్డ ఉడికిపోతుంది. కొండ మీద రాయి ఎండలో కాలినా దాని కింద మట్టి చల్లగా ఉంటుంది. కుండీకి ఆ అవకాశం లేదు.

వాడే నీళ్ళు వాన నీళ్ళయితే మేలు, కాలవ నీళ్ళయినా ఫరవాలేదు. ఉప్పు తగిలే బోరు నీళ్ళు వద్దు. ఎండ విషయానికి వస్తే, పేరుకు రాతి వాలు మొక్కే అయినా ఇది చెట్ల పలచటి నీడలో, గడ్డి మధ్య పెరుగుతుంది. పొద్దుటి ఎండ పడి మధ్యాహ్నం నీడ వచ్చే చోటు దానికి హాయి.

రెండు మూడేళ్ళకు కుండీల్లో పిల్లలు పెరిగాక నేలలో పెట్టాలనిపిస్తే, పెద్ద వాన పడిన మర్నాడు పెరడంతా తిరిగి చూడండి. నీళ్ళు ఎక్కడ ముందు తీసేశాయో అదే మీ మెరక. అక్కడ రెండు అడుగుల ఎత్తున ఎర్ర గరప, రాళ్ళు కలిపి ఒక వాలు కట్టండి. మధ్యమధ్య తలకాయంత రాళ్ళు సగం పూడ్చి, వాటి ఉత్తరపు వైపు నీడలో పిల్లలను నాటండి. మామిడి చెట్టు పక్క బాగుంటుంది. కొబ్బరి చెట్టు నీడ కూడా మంచిదే గానీ దాని పాదులో మాత్రం వద్దు, అక్కడ మనం నీళ్ళు పెడుతూనే ఉంటాం. గడ్డి కమ్ముకోకుండా చేత్తో పీకండి, పార పెట్టవద్దు.

మందు సంగతి. ఆయుర్వేదంలో తాలమూలికి పాత పేరే ఉంది. బలానికి, వాజీకరణానికి (అంటే లైంగిక పటుత్వానికి), మూత్ర సంబంధమైన బాధలకు వైద్యులు వాడతారు. గడ్డలో కర్కులిగోసైడ్ అనే పదార్థాన్ని గుర్తించి దాని మీద పరిశోధనలు చేశారు. చైనా సంప్రదాయ వైద్యంలో కూడా ఇది ఉంది. అయితే అక్కడ దీన్ని విషగుణం ఉన్న మందుల్లో చేర్చి, మోతాదు మీద కట్టడి పెట్టారు. వీడియోలో చెప్పినట్టు పొడి కొట్టి పాలల్లో కలుపుకు తాగేయడం ప్రమాదం. షుగరుకో బీపీకో మందులు వాడుతున్నవాళ్ళు, గర్భిణులు అసలు ముట్టుకోకూడదు. చదువుకున్న ఆయుర్వేద వైద్యుడు చూసి, శుద్ధి చేసిన మందును మోతాదు కట్టి ఇస్తే వేరే విషయం. కొట్లో దొరికే ఎండు ముక్కలను చూసి అది నేలతాడేనని చెప్పడం మనలాంటివాళ్ళకు సాధ్యం కాదు, కల్తీ కూడా ఉంటుంది.

వేలకు వేలన్న మాట గురించి ఆలోచించండి. అమ్మేది ఎండిన గడ్డ. పచ్చి గడ్డ ఎండితే మిగిలేది కొంచెమే. ఒక కిలో ఎండు గడ్డ కావాలంటే ఎన్ని మొక్కలు, ఎన్నేళ్ళ పెరుగుదల పోవాలో లెక్క వేసుకుంటే ఆ ధర ఎవరిదో, ఆ నష్టం ఎవరిదో తెలుస్తుంది. తవ్వినవాళ్ళ చేతికి వచ్చేది ఆ ధర కాదు.

చివరగా మన ప్రాంతం గురించి ఒక మాట చెప్పాలనిపిస్తోంది. నేలతాడికి మన గోదావరి జిల్లాలతో పాత బంధం ఉంది. విలియం రాక్స్‌బర్గ్ అనే స్కాట్లండు వైద్యుడు 1781 నుంచి సామర్లకోటలో ఉండి, అక్కడ తోట వేసి, మన కొండల, తీరం మొక్కలను ఒక్కొక్కటిగా పరిశీలించాడు. మన చిత్రకారుల చేత బొమ్మలు వేయించాడు, ఇక్కడివాళ్ళను అడిగి తెలుగు పేర్లు రాసుకున్నాడు. 1793లో కలకత్తా తోటకు వెళ్ళిపోయాడు. ఆయన బొమ్మ గీయించి అచ్చు వేయించిన కోరమండల్ తీరపు మొక్కల్లో నేలతాడి ఒకటి. భారతీయ వృక్షశాస్త్రానికి పునాది పడిన చోట్లలో సామర్లకోట ఒకటని, నాకు తెలిసినంతలో, మన పిల్లలకు ఏ క్లాసులోనూ చెప్పడం లేదు. మీ ఊరి బడిలో ఒక నేలతాడి కుండీ పెట్టి, ఈ సంగతి మాస్టారి చేత చెప్పిస్తే బాగుంటుందని నా కోరిక.

మళ్ళీ జులైలో ఆ గుట్టకు వెళితే గునపం కాకుండా కెమెరా, స్కేలు పట్టుకెళ్ళండి. ఆకు పొడవు, పువ్వు వెడల్పు, చుట్టూ ఎన్ని మొక్కలున్నాయో, వాటిలో ఎన్ని పూశాయో రాసుకోండి. పొద్దున్నే వెళ్ళండి, మధ్యాహ్నానికి పువ్వు వాడిపోతుంది. ఫొటోలు ఎక్కడైనా పెట్టినప్పుడు ఆ గుట్ట పేరు, లొకేషన్ మాత్రం పెట్టకండి, తవ్వేవాళ్ళకు దారి చూపించినట్టు అవుతుంది.

ఆకు కొసన పుట్టిన పిల్ల మొదటి ఏడాది పూయదు. రెండో వానాకాలానికో మూడో వానాకాలానికో పూస్తుంది. ఈలోగా ప్రతి ఎండాకాలం కుండీ ఖాళీగా ఉన్నట్టే కనిపిస్తుంది, ఇంట్లోవాళ్ళు మట్టి పారబోసి అందులో బంతో చామంతో వేసేస్తారు. కాబట్టి పేరు, నాటిన నెల పెయింటుతో కుండీ మీదే రాసి పెట్టండి.